ఇసుక తాగిన నీళ్ళు

మా వీధి ఉన్న చోట ఇప్పుడు చంద్రదేవుడి గుడి అరుగు ఉంది. సరిగ్గా నా పాత కల్లంగడి గుమ్మం ఉన్న చోటే మెట్లు మొదలవుతాయి. కాలువ అవతలి పల్లెల నుంచి కూడా జనం గాడిదలెక్కి వచ్చి, ఆ అరుగును చూసి నోరు తెరుస్తారు. తెరవనివ్వండి, వాళ్ళ నోరు వాళ్ళిష్టం. నాకు మాత్రం ఆ మెట్లెక్కినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది.

వెనక మా ఊరికి దొర అంటూ ఎవడూ లేడు. కొట్లాట వస్తే పెద్దలు సభ కూర్చుని ఒకణ్ణి పెద్దాయనగా ఎంచి, రాతి గద చేతికిచ్చేవారు. కొట్లాట ముగిశాక గద తెచ్చి సభ ఇంటి గోడకు తగిలించాలి, ఆ మనిషి తన బార్లీ చేలోకి తాను పోవాలి. తాతల నాటి నుంచీ అంతే. కాలువ నీళ్ళ కోసం అవతలి ఊరివాళ్ళు మా మీదికొచ్చిన ఏడాది ఎన్‌షెగకు గద ఇచ్చారు. గెలిచాడు, కాదనను. గద ఇవ్వవయ్యా అంటే, "ఊరికి గోడ లేదు, వాళ్ళు మళ్ళీ వస్తే ఏం చేస్తారు?" అన్నాడు. నిజమే కదా అన్నారు పెద్దలు. గోడ లేచింది. "మనం గోడ చాటున చల్లగా పడుకుంటే గోడ నిలబెట్టిన దేవుడు రెల్లు పాకలో ఉండాలా?" అన్నాడు. అదీ నిజమే అన్నారు. అలా ఆయన ఏదంటే అది నిజమే అనుకుంటూ పోయేసరికి గద గోడకెక్కనే లేదు.

ఆ కొట్లాటలోనే నినబ్బ మొగుడు లుమ్మకు కడుపులో ఈటె దిగింది. మా పక్క గుమ్మమే వాళ్ళది. లుమ్మ కాలువలు పూడిక తీసేవాడు, మెత్తని మనిషి. నా అంగట్లో కూర్చుని రెల్లు పుల్లతో కల్లు పీల్చుకుంటుంటే మనిషి ఉన్నట్టే తెలిసేది కాదు. అలాంటివాణ్ణి తలుపు చెక్క మీద వేసుకుని తెచ్చారు. దాహం, దాహం అంటున్నాడు. నీళ్ళు గొంతు దిగాయా ప్రాణం పోతుందన్నాడు వైద్యుడు. నినబ్బ ఇవ్వలేదు. ఒళ్ళో తల పెట్టుకుని, "తమ్ముడు తెస్తున్నాడండీ, వచ్చేస్తున్నాయి నీళ్ళు, ఇదిగో వచ్చేస్తున్నాయి" అంటూ కూర్చుంది. తెమ్మని ఎవరికీ చెప్పింది లేదు, ఎవరూ తెస్తున్నదీ లేదు. లుమ్మ గుమ్మం వైపే చూస్తూ పోయాడు.

అందరిలాగే ఆయన్నీ ఇంటి నేలలోనే, పడుకునే చోటే పాతిపెట్టారు. నోటికి సూటిగా మట్టి గొట్టం నిలబెట్టి, దాని మూతి నేల పైకి ఉంచారు. పోయినవాళ్ళకు అక్కడ తినడానికి దుమ్ము, తాగడానికి మనం పోసిన నీళ్ళు, అంతేగా. పొయ్యడం మానితే వాళ్ళు దాహంతో నాలుక ఎండి తిరుగుతారు. అందుకని అమావాస్య పొద్దున మా వీధిలో ప్రతి ఇంట్లోనూ చెంబు పట్టుకుని వంగేవాళ్ళు. నేను మా అమ్మకు కల్లే పోసేదాన్ని, ఆవిడకు నీళ్ళు ఉన్ననాడూ పడలేదు. నినబ్బ మాత్రం అమావాస్య దాకా ఆగేది కాదు. రోజూ పోసేది. గొట్టం నిండి, నీళ్ళు నెమ్మదిగా కిందికి ఇంకేదాకా పక్కనే కూర్చునేది. ఇవ్వని గుక్కెడు నీళ్ళు దానికి గుండెలో ముల్లయ్యాయి.

దేవుడి అరుగుకు మా వీధే కావాల్సొచ్చింది. పెద్దాయన మనుషుల్ని పంపలేదు, తానే వచ్చాడు. మొలకు గుడ్డ, నెత్తిన ఇటుకల గంప. అలా కూలివాడిలా గంప మోసుకుంటూ వచ్చి గడప గడపకూ దండం పెట్టి అడిగితే ఎవరు కాదంటారు? మా వాళ్ళు కొందరు కళ్ళు తుడుచుకున్నారు కూడా. గోడ అవతల కొత్త ఇళ్ళిచ్చాడు. అందరం మూటలు కట్టుకున్నాం.

నినబ్బ కదల్లేదు. గడప మీద కూర్చుంది. దాన్ని లేపమని దాని తమ్ముడు మెసాగునే పంపారు. మెసాగు ఆ అరుగు కట్టే పెద్ద మేస్త్రీ. ఊరి గోడ కట్టింది కూడా వాడే.

"లే అక్కా. అందరూ సామాను సర్దుకున్నారు."

"మీ బావను సర్దడానికి మూట దొరకలేదురా" అంది.

మెసాగు దాని కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "బావను ఎవరు కదిలిస్తారే? ఈ ఇళ్ళ మీదే ఇటుక పేరుస్తాం, అంతే. వరస లేచినప్పుడల్లా ఈ గొట్టానికి ఒక ముక్క తగిలిస్తాను. అరుగు ఎంతెత్తు లేచినా గొట్టం మూతి పైకే ఉంటుంది. నువ్వు పైనుంచి పొయ్యి, బావకు అందుతాయి. నేనుండగా ఆయన నీళ్ళాపుతానా?"

"ఒట్టు పెట్టు."

"ఇటుక అచ్చు మీద ఒట్టు."

మేస్త్రీకి అంతకు మించిన ఒట్టు లేదు. నినబ్బ లేచి, గొట్టం మూతి మీద చెయ్యి వేసి ఒకసారి నిమిరింది. దాని అంచు ఒక చోట పెచ్చు ఊడి ఉంటుంది, బొటనవేలు సరిగ్గా అందులో ఆనుతుంది. తర్వాత మాతో వచ్చేసింది. మెసాగు ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. ఇది మాత్రం నేను ఎక్కడైనా చెబుతాను.

ఆ తర్వాత జరిగింది మాకు అప్పుడు తెలీదు. వీధి చుట్టూ రెల్లు తడికలు కట్టేశారు, లోపల పనికి కొట్లాటలో పట్టుకొచ్చిన అవతలి ఊరివాళ్ళను పెట్టారు. వాళ్ళు మాతో మాట్లాడరు, మాట్లాడనివ్వరు. నాకు తర్వాత తెలిసిందే అయినా ఇప్పుడే చెప్పేస్తాను, దాచిపెట్టి ఊరించడం నాకు చేతకాదు.

పూజారి వచ్చి, జనం కని, వండి, చచ్చిన నేల మైల నేల అన్నాడట. మనిషి వాసన తగలని మట్టి వచ్చేదాకా తవ్వి పారేసి, ఆ గోతి నిండా ఎడారి నుంచి తెచ్చిన శుభ్రమైన ఇసుక పొయ్యాలన్నాడట. మెసాగు గుండెలు బాదుకుంటూ పెద్దాయన దగ్గరికి పరిగెత్తాడు. ఆయన ఇటుకల కుప్ప మీద కూర్చుని రొట్టె, ఉల్లిపాయ తింటున్నాడు. సగం విరిచి వీడికీ పెట్టాడు.

"అయ్యా, ఆ నేలలో మా పోయినవాళ్ళున్నారు."

"ఏ నేలలో లేరు చెప్పు మెసాగూ? దేవుడు శుభ్రమైన చోటు అడిగాడు. లేదని నువ్వెళ్ళి చెప్పొస్తావా?"

"మా అక్కకు మాటిచ్చానయ్యా. గొట్టం ఉంచుతానని."

"ఉంచు. వద్దన్నదెవరు?" అని నవ్వాడట. "ఇసుక ఎన్ని నీళ్ళైనా తాగుతుంది. అడుగున ఎవరున్నారో ఎవరు దిగి చూస్తారు? ఇదిగో, నీకు మనసొప్పకపోతే ఇంకో మేస్త్రీని పిలుస్తాను. కానీ నా పక్కన నువ్వుంటేనే బాగుంటుంది. రేపు తొలి ఇటుక నేనూ నువ్వూ కలిసి పెట్టాలి."

ఆ చివరి మాటకు పడిపోయాడు మెసాగు. బెదిరిస్తే ఎదురు తిరిగేవాడేమో. పక్కన నిలబడమన్నాడే, దానికి పడిపోయాడు.

నినబ్బ ఇల్లు తవ్వేటప్పుడు వాడు అక్కడే ఉన్నాడు. గొట్టం తన చేత్తోనే పైకి తీశాడు. కింద బావ కనిపించాడు. ఒక కంబళి పరిచి ఎముకలు ఏరి కట్టుకుంటే అయిపోయేది, కొత్త ఇంట్లో పాతిపెట్టుకుంటే అయిపోయేది. అంతకంటే ఏం కావాలి? కానీ శవాన్ని తాకినవాడు మైల పోయేదాకా గుడి హద్దుకు గీసిన గీత దాటకూడదు. మర్నాడే తొలి ఇటుక. మెసాగు చేతులు వెనక్కి కట్టుకుని మొహం అటు తిప్పుకున్నాడు. లుమ్మ, మా అమ్మ, మా వీధిలో పోయినవాళ్ళంతా కుండ పెంకులతో, పొయ్యి బూడిదతో కలిసి గంపలకెక్కి పాత కాలువ గట్టున దిబ్బ అయిపోయారు. మర్నాడు మెసాగు నూనె రాసుకుని, కొత్త ఉన్ని గుడ్డ కట్టుకుని పెద్దాయన పక్కన నిలబడ్డాడు. నేను కూడా చప్పట్లు కొట్టాను.

అరుగు లేచింది. మొదటి అమావాస్యకు నినబ్బను మెసాగే పైకి తీసుకెళ్ళాడు, తోడు నేనూ వెళ్ళాను. తారు పూసిన ఇటుకల మధ్య గొట్టం మూతి కనిపించింది. నినబ్బ ముందు బొటనవేలు పెట్టి చూసింది. పెచ్చు ఊడిన చోటు దొరికింది. ఇక అడిగేదేముంది? చెంబు వంచింది. నీళ్ళు గొట్టంలో నిలవనే లేదు, పోసినవి పోసినట్టే పోయాయి.

"చూశావా వదినా! గుటగుటా తాగేస్తున్నారు. ఇంట్లో ఉండగా ఇంత తొందరగా తాగేవారు కాదు. ఎన్నాళ్ళ దాహమో పాపం" అని ఏడుస్తూ నవ్వింది. తమ్ముడి రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. "ఈ చేతులు చల్లగుండాలిరా."

మెసాగు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎండ దెబ్బేమో అనుకున్నాను, నా బుద్ధి తగలెయ్య.

పెద్దాయన ఇదంతా పై మెట్టు మీద నుంచి చూశాడు. చూసి ఊరుకునే మనిషా? ఆ వీధివాళ్ళందరికీ ఒక్కో గొట్టం పెట్టండి, వాళ్ళ పోయినవాళ్ళను నేను మరవలేదు అన్నాడు. మెసాగు వరసగా గొట్టాలు నాటాడు. అమావాస్య పొద్దున మా ఆడవాళ్ళం చెంబులతో బారులు తీరేవాళ్ళం. ప్రతి గొట్టమూ ఆత్రంగా తాగింది. మా అమ్మ కూడా కూజా కల్లు ఎత్తిన మూతి దించకుండా తాగింది. ఇంటికెళ్ళేటప్పుడు అందరం పెద్దాయన్ని తలుచుకుని దండాలు పెట్టుకునేవాళ్ళం. గద సంగతి ఎత్తే పెద్దలు ఒకరిద్దరు మిగిలి ఉండేవారు. ఆ దండాలు చూశాక వాళ్ళూ నోరు కట్టేసుకున్నారు.

మెసాగు మాత్రం రోజూ నా అంగడికి వచ్చి పీకలదాకా తాగేవాడు. "ఏరా, పెద్దాయన పక్కవాడివి, మంచి కల్లు గుడిలోనే దొరుకుతుందిగా, ఈ పులిసిన నీళ్ళెందుకు?" అని ఎకసెక్కం ఆడేదాన్ని. నవ్వేవాడు కాదు. ఒకసారి బట్టల నిండా పాత కాలువ మట్టి. ఎక్కడ పడ్డావురా అంటే నీళ్ళు నమిలాడు.

ఒక అమావాస్యకు ముందు రోజు మధ్యాహ్నం, ఎండకు అంగడి ఖాళీగా ఉంది, మెసాగు ఒక్కడే మూల కూర్చున్నాడు. నినబ్బ చంకలో మూటతో వచ్చింది. విప్పితే లుమ్మ ఉన్ని దుప్పటి. దాన్ని తాను పోయినప్పుడు తన మీద కప్పమని నాకు ఎన్నోసార్లు చెప్పింది.

"ఇది నీకురా తమ్ముడూ" అంటూ వాడి భుజాల మీద కప్పింది. "నాకింకేం లేదు ఇవ్వడానికి. మీ బావ ఉంటే ఆయనే కప్పేవాడు. ఆ రోజు నేను ఆయనకు గుక్కెడు నీళ్ళివ్వలేదు. నా పాపం నువ్వు కడిగావు."

 మెసాగు దుప్పటి తీసి మడిచాడు, మళ్ళీ విప్పాడు, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చూశాడు. చివరికి దాని ఒళ్ళో పెట్టేసి నేల మీద బోర్లా పడ్డాడు.

"వద్దక్కా. నాకొద్దు. బావ అక్కడ లేడు."

"ఎక్కడ లేడు?"

"ఆ గొట్టం కింద ఇసుక ఉంది. ఉత్త ఇసుక. నువ్వు పోసేవన్నీ ఇసుకే తాగుతోంది."

ఆ మీదట మొత్తం కక్కేశాడు. పూజారి మాట, ఉల్లిపాయ ముక్క, తొలి ఇటుక, చేతులు వెనక్కి కట్టుకోవడం. ఒక్కటీ దాచలేదు. తొలి ఇటుక దగ్గరికొచ్చేసరికి తలను నేలకేసి కొట్టుకున్నాడు. తన మీద ఉమ్మెయ్యమన్నాడు. నా చేతిలో నిండు కూజా ఉంది. వీడు మా అమ్మను కూడా గంపకెత్తించాడని బుర్రకెక్కడానికి నాకు కాస్త సమయం పట్టింది. ఎక్కాక కూజా ఎత్తాను, వాడి నెత్తి మీద పగలగొట్టేదాన్నే.

నినబ్బ నా చెయ్యి పట్టుకుంది. "ఆగు వదినా."

"ఎందుకాగాలే? నా తల్లిని చెత్తలో పోసిన వెధవని..."

"ఆగమన్నాను." దాని గొంతు నేను అలా ఎప్పుడూ వినలేదు. తమ్ముడి వైపు తిరిగింది. "అప్పటినుంచీ ఆయన నోట్లో చుక్క పడలేదన్నమాట."

"నేను దిబ్బ మీద పోస్తూనే ఉన్నానక్కా, ఎవరూ చూడకుండా. కానీ ఎక్కడున్నాడో తెలీదు. ఏ గంపలో పోయాడో తెలీదు."

 నినబ్బ దుప్పటి మడిచి చంకలో పెట్టుకుంది. రేపు అందరి ముందూ చెబుతానంది. చెప్పాల్సిందే అన్నాను నేను. పెద్దాయన గద పట్టుకుని నిలబడ్డప్పుడే, ఊరంతా వింటుండగానే చెప్పాలని ఇద్దరం అనుకున్నాం. మెసాగు కూడా, చెప్పక్కా, నేనూ ఒప్పుకుంటాను, నన్ను చంపినా సరే అన్నాడు.

పొద్దున మెట్లెక్కాం. వరస అప్పటికే సాగుతోంది. పై మెట్టు మీద పెద్దాయన ఉన్నాడు, పక్కన మెసాగు పాలిపోయి నిలబడ్డాడు. మా ముందు గెమెదు ముసలమ్మ ఉంది. దాని ఒక్కగానొక్క కొడుకు పాముకాటుకు పోయాడు. కళ్ళు సరిగా ఆనవు, గొట్టం మూతి తడుముకుని పోస్తుంది. పోసి, చెవి గొట్టానికి ఆనించి విని, బోసినోటితో నవ్వింది.

"తాగాడే నినబ్బా! చప్పుడు వినిపించింది. నీ వాడు తాగాడా?"

పెద్దాయన మా వైపే చూస్తున్నాడు. నినబ్బ నోరు తెరిచింది. చెప్పేయ్ చెప్పేయ్ అని మనసులో అరుస్తున్నాను. అది ముసలమ్మ మొహం కేసి అలా చూస్తూ ఉండిపోయింది. తర్వాత వంగి లుమ్మ గొట్టంలో తన చెంబు వంచింది. నీళ్ళు ఎప్పటిలాగే గుటుక్కున పోయాయి.

"తాగారు పిన్నీ" అంది. "నువ్వు మెల్లగా దిగు, మెట్లు జాగ్రత్త."

నా వంతు వచ్చింది. తిట్టుకుంటూనే పోశాను. వెనకవాళ్ళు చూస్తున్నారు మరి. పెద్దాయన నవ్వి గద పైకెత్తాడు, జనం ఆయన్ని దీవించారు. ఆ దీవెనల్లో నా నోరు కూడా ఆడింది. థూ, నా నోరు పడిపోను.

 కిందికి దిగాక నినబ్బ తిన్నగా పాత కాలువ గట్టుకు నడిచింది. మెసాగు ఎప్పుడు దిగాడో, వెనకాలే వస్తున్నాడు. దిబ్బ నేననుకున్న దానికంటే చాలా పెద్దది. మా వీధి వీధంతా అందులో ఉంది. కాలు పెట్టిన చోటల్లా ఎవరిదో పొయ్యి రాయి, ఎవరిదో కుండ అంచు. మా అమ్మ అంగడి కూజా మూత అనుకుని ఒక పెంకు ఏరుకున్నాను, కాదేమో కూడా.

నినబ్బ ఖాళీ చెంబు తమ్ముడి చేతిలో పెట్టింది.

"నీళ్ళు తే."

వాడు కాలువలోకి దిగి తెచ్చాడు. దిబ్బ కింద నిలబడి పైకి చూశాడు. "ఎక్కడ పొయ్యమంటావక్కా?"

"నాకేం తెలుసురా? అంతటా పొయ్యి."

వాడు ఒక చెంబు పోశాడు. అరచెయ్యంత నేల తడిసింది. మళ్ళీ కాలువకు పోయాడు. నాకు వాడి మీద కోపం పోలేదు, ఇప్పటికీ పోలేదు. అయినా ఆ ఎండలో అలా దిగి ఎక్కుతుంటే చూడలేక నేనూ చిన్న కూజా పట్టుకున్నాను.

నినబ్బ దిబ్బ మీద చదునుగా ఉన్న చోట కూర్చుంది. లుమ్మ దుప్పటి ఒళ్ళో వేసుకుంది. ఎవరి తలో ఒళ్ళో ఉన్నట్టు దాన్ని నిమురుతూ, కాలువ గట్టెక్కి వస్తున్న తమ్ముణ్ణి చూస్తూ, ఆ మట్టితో చెప్పింది.

"తమ్ముడు తెస్తున్నాడండీ. వచ్చేస్తున్నాయి నీళ్ళు. ఇదిగో, వచ్చేస్తున్నాయి."